లైప్‌జిగ్‌లో ఇంగ్లీషు పుస్తకాలు

లైప్‌జిగ్ వచ్చిన మొదటి నాలుగు నెలల్లో నేను ఇంగ్లీషులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది ఒక్కటే: రైస్ కుక్కర్‌తో వచ్చిన మాన్యువల్. వాషింగ్ మెషీన్‌ది కూడా చదివేదాన్నే, జర్మన్‌లో ఉండబట్టి బతికిపోయింది.

2024 ఏప్రిల్‌లో వచ్చాం. మా ఆయనకి ఇక్కడ రెండేళ్ళ పరిశోధన ఉద్యోగం దొరికింది. హైదరాబాదులో నేను చేస్తున్న ఉద్యోగం మానేశాను. తలా ఒక పెట్టె, పెట్టెకి 23 కిలోలు. అందులో ప్రెషర్ కుక్కర్, మూడు రకాల పచ్చళ్ళు, కందిపొడి, చలికోట్లు పోగా పుస్తకాలకి మిగిలింది కిలోన్నర. మూడు తెలుగు పుస్తకాలు పెట్టుకున్నాను. ఇంగ్లీషువి ఒక్కటి కూడా పెట్టుకోలేదు. తెలుగువైతే అక్కడ దొరకవు, ఇంగ్లీషువి ఎక్కడైనా దొరుకుతాయి కదా అని. ఫారిన్ అంటే ఇంగ్లీషే అనే లెక్క మనలో ఎంత లోతుకి పాతుకుపోయిందో చూడండి. వెళ్తున్నది జర్మనీకి అని తెలుసు, అక్కడ జర్మన్ మాట్లాడతారనీ తెలుసు. అయినా పుస్తకాల షాపు అనగానే నా ఊహలో అరల నిండా ఇంగ్లీషు పుస్తకాలే కనిపించాయి. ఊరి పేరు కూడా విమానం దిగేదాకా లీప్‌జిగ్ అనే అనుకున్నాను, అది వేరే సంగతి.

వచ్చిన రెండో వారంలోనే ఊరి మధ్యలో ఉన్న పెద్ద పుస్తకాల షాపుకి వెళ్ళాను. రెండు మూడు అంతస్తులు, కూర్చోడానికి సోఫాలు, కాఫీ వాసన. కింది నుంచి పైదాకా జర్మన్. ఇంగ్లీషు పుస్తకాలు ఒక మూల ఉన్నాయి. ఆ మూలలో కూడా సగం పైగా కొలీన్ హూవర్, డ్రాగన్లు, అంచులకి గులాబీ రంగు పూసిన ప్రేమకథలు. వాటి ముందు పదహారేళ్ళ జర్మన్ అమ్మాయిలు గుంపుగా నిలబడి ఫోన్లో వీడియో చూస్తూ పుస్తకాలు ఏరుకుంటున్నారు. అనువాదం వచ్చేదాకా ఆగలేక ఇంగ్లీషులోనే చదివేస్తున్నారట. చిన్నచూపుతో అనడం లేదు. నేనూ ఆ వయసులో ఏం చదివానో నాకు తెలుసు. కానీ నేను వెతుక్కుంటున్నవి అక్కడ లేవు. ఉన్న ఒకటీ అరా 14 యూరోలు, 15 యూరోలు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఉండే రోగం నాకూ ఉంది: ప్రతి ధరనీ తొంభైతో గుణించడం. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద ఆ డబ్బుతో సంచీ నింపుకుని వచ్చేదాన్ని. చేతిలోకి తీసుకున్న పుస్తకం మళ్ళీ అరలో పెట్టేసి వచ్చేశాను.

"కిండిల్ ఉందిగా" అన్నాడు మా ఆయన. ఉంది. ఛార్జింగ్ కూడా ఉంది. అందులో కొని చదవని పుస్తకాలే నలభై దాకా ఉన్నాయి. కాబట్టి దొరక్క చదవలేదని అంటే అది పూర్తి నిజం కాదు. నిజం ఏమిటో అప్పట్లో నాకూ తెలియదు. ఇప్పుడు కొంచెం తెలుసనుకుంటాను.

మన దగ్గర ఇంగ్లీషు పుస్తకం చేతిలో పట్టుకుని మెట్రో ఎక్కితే ఒక చిన్న గర్వం ఉంటుంది. ఒప్పుకోం గానీ ఉంటుంది. నేను చదివింది తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీషు క్లాసంటే కడుపులో తిప్పేది. తర్వాత పదేళ్ళు కష్టపడి ఆ భాషని నాది చేసుకున్నాను. దాన్లో ఉద్యోగం చేశాను, వాదించాను, జోకులు వేశాను. ఇక్కడికొచ్చాక అదే ఇంగ్లీషు చేతకానితనానికి గుర్తయింది. రొట్టెల దుకాణంలో, డాక్టరు దగ్గర, పోస్టాఫీసులో, జర్మన్‌లో రెండు ముక్కలు మాట్లాడి, చెమటలు పట్టి, చివరికి "సారీ, ఇంగ్లీష్?" అని అడుక్కోవాలి. అందులోనూ ఇది పాత తూర్పు జర్మనీ. యాభై దాటినవాళ్ళు బళ్ళో మొదట నేర్చుకున్న పరాయి భాష రష్యన్. ఇంగ్లీషు ఆ తర్వాత. మా కింద వాటాలో ఉండే పెద్దావిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చెత్తబుట్టల రంగుల గురించి ఆవిడ నాకు పాఠం చెప్పిన రోజు, ఇద్దరం చేతులతోనే సంసారం నడిపాం. పొద్దున్నంతా జర్మన్ క్లాసులో "డేర్, డీ, దస్" అని వల్లించి ఇంటికొచ్చాక, ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే దొంగతనం చేస్తున్నట్టుండేది. నేర్చుకోవాల్సింది వదిలేసి వచ్చిన దాంట్లో దాక్కుంటున్నట్టు. అలాగని జర్మన్‌లో చదివే స్థితీ కాదు. మొత్తానికి ఏమీ చదవలేదు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి.

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి విజయవాడకి ఫోన్ చేస్తాను. అక్కడ భోజనాలయ్యే వేళ. అమ్మ ఏం వండుకున్నావని అడుగుతుంది, చలి ఎంతుందని అడుగుతుంది, ఫోన్ నాన్నకి ఇస్తుంది. నాన్న ఒకటే అడుగుతాడు: "ఏం చదువుతున్నావమ్మా?"

నాన్న కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఇంగ్లీషు నేర్పింది రష్యన్లు. నవ్వకండి. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర షాపులో మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. తెలుగువీ ఉండేవి, ఇంగ్లీషువీ ఉండేవి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన పుస్తకాలు ముందు చదివి, తర్వాత అదే పుస్తకం ఇంగ్లీషులో కొనుక్కొచ్చి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాడట. గోర్కీ 'అమ్మ' అలాగే చదివాడు. పక్కన శంకరనారాయణ నిఘంటువు. తెలియని మాట వస్తే దాని నెత్తి మీద సన్నగా ముక్కు చెక్కిన పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసేవాడు. చిన్నప్పుడు ఆ పుస్తకాలు తెరిస్తే ఇంగ్లీషు వరసల మధ్య చీమలు పాకినట్టు తెలుగు అక్షరాలు. చదవడం అయిపోయాక చివరి పేజీలో తారీఖు వేసేవాడు. ఆ అలవాటు నాకూ వచ్చింది. పెన్సిల్ రాతలు రాలేదు గానీ తారీఖు వచ్చింది.

అలాంటి మనిషికి "ఏమీ చదవట్లేదు నాన్నా" అని ఎలా చెప్తాను? ఉద్యోగం మానేసి వచ్చానని ఆయనకి లోపల ఎక్కడో ఉంది. ఎప్పుడూ అనలేదు. "పోన్లే, చదువుకోడానికి టైము దొరుకుతుంది" అని మాత్రం అన్నాడు. కాబట్టి మొదటి ఆదివారమే అబద్ధం చెప్పాను. విక్రమ్ సేథ్ 'ఎ సూటబుల్ బాయ్' చదువుతున్నానని. ఇక్కడి లైబ్రరీలో దొరికిందని.

అబద్ధానికి ఆ పుస్తకాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, అది 1,300 పేజీలకి పైనే ఉంటుంది. ఎన్ని నెలలైనా సాగుతుంది. పైగా ఎప్పుడో చదివేశాను, ఏమడిగినా చెప్పగలను. నాన్న నిజంగానే అడిగేవాడు. "ఆ అమ్మాయికి సంబంధం కుదిరిందా?" అంటే "ఇంకా చూస్తున్నారు నాన్నా" అనేదాన్ని. జమీందారీ రద్దు బిల్లు గురించి అరగంట మాట్లాడుకున్నాం ఒక ఆదివారం. మే, జూన్, జూలై, ఆగస్టు. అబద్ధమైనా ఆ అరగంట నాకు బావుండేది. అదే మరీ సిగ్గు.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. ఫోన్ కలవలేదు. ముందురోజు పెద్ద వాన అని తెలుసు. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిందన్న సంగతి పదకొండింటికి తెలుగు న్యూస్ ఛానల్ వాళ్ళ యూట్యూబ్‌లో చూశాను. మా ఇల్లు సింగ్ నగర్లోనే, కింది వాటా. డాబాల మీద జనం. పీకల్లోతు నీళ్ళలో నెత్తిన సామాన్లు పెట్టుకుని నడుస్తున్న జనం. డ్రోన్లతో తిండి పొట్లాలు వేస్తున్నారు. ఆ వీడియోలన్నీ ఆపి ఆపి, మా వీధి ఏమైనా కనిపిస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే లైప్‌జిగ్‌లో బ్రహ్మాండమైన ఎండ. కింది వాటా పెద్దావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది.

మూడో రోజుకి ఫోన్ వచ్చింది. అమ్మా నాన్నా పై వాటా వాళ్ళింట్లో ఉన్నారు, కరెంటు లేక ఫోన్లు ఆరిపోయాయి, తర్వాత పడవ వస్తే ఎక్కి పటమటలో పిన్ని వాళ్ళింటికి చేరారు. బానే ఉన్నాం, బానే ఉన్నాం అని అమ్మ ఓ పదిసార్లు అంది. ఫ్రిజ్జు పోయింది, పరుపులు పోయాయి, బియ్యం పోయాయి. పుస్తకాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. గూళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో నాకు తెలుసు, నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో కూడా తెలుసు.

నీళ్ళు తీశాక ఇంటికెళ్ళి బురద కడుక్కున్న వారం, ఆదివారం మళ్ళీ ఫోన్ చేశాను. నాన్న గొంతు కొంచెం బొంగురుగా ఉంది. పుస్తకాలన్నీ ఉబ్బిపోయి గూట్లోంచి ఊడి రాలేదట. గునపం పెట్టి లాగాల్సి వచ్చిందట. అన్నీ మునిసిపాలిటీ ట్రాక్టర్లో వేసేశారు. "నీ అట్టపెట్టె కూడా చూశానమ్మా, మంచం కింద ఉన్నది" అన్నాడు. హైదరాబాదు ఇల్లు ఖాళీ చేసినప్పుడు నా ఇంగ్లీషు పుస్తకాలన్నీ కట్టి ఆయన దగ్గర పెట్టి వచ్చాను. "ఆ సూటబుల్ బాయ్ లావుగా ఉంది కదా, లోపల పేజీలు కొన్ని తడవలేదు. చివర్న నీ తారీఖు ఉంది. 2019."

నాకు నోట మాట రాలేదు.

"మళ్ళీ చదువుతున్నావేమో అనుకున్నాలే" అన్నాడు. అని వెంటనే, "బ్లీచింగ్ పౌడర్ దొరకట్లేదమ్మా ఊళ్ళో" అని మాట మార్చేశాడు.

ఆ మర్నాడు పొద్దున్నే వెళ్ళి సిటీ లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. విల్‌హెల్మ్ లాయిష్నర్ ప్లాట్స్ దగ్గర ఉంటుంది, ట్రామ్‌లో పది నిమిషాలు. నాలుగు నెలలుగా దాని ముందు నుంచే క్లాసుకి వెళ్తున్నాను. ఫారం నింపింది జర్మన్‌లోనే. అక్కడున్నావిడ నా తప్పులు దిద్దకుండా ఓపికగా చూసి, కార్డు చేతికిచ్చి, ఇంగ్లీషు పుస్తకాలు ఎటో చూపించింది. షాపులో కన్నా చాలా నయం. ఎవరో ఆలోచించి కొన్నవని తెలుస్తోంది. ఆ రోజు నాలుగు తెచ్చుకున్నాను. రెండు చదివాను, రెండు వెనక్కి ఇచ్చేశాను. ఆదివారం నాన్నకి నాలుగూ చెప్పాను, వెనక్కిచ్చిన వాటితో సహా.

అలా మొదలైంది. ఊళ్ళో ఇంగ్లీషు పుస్తకం ఎక్కడ దొరుకుతుందో వెతకడం ఒక పిచ్చి అయిపోయింది. వెతుకుతూ పోతే తెలిసిన సంగతి ఏమిటంటే, ఒకప్పుడు యూరప్ మొత్తానికీ ఇంగ్లీషు పుస్తకాలు అచ్చేసి పంపింది ఈ ఊరే.

ఊరి చివర అగ్రా అనే చోట నెలకోసారి పెద్ద పాతసామాన్ల సంత జరుగుతుంది. మన ఆగ్రాకీ దీనికీ సంబంధం లేదు. వ్యవసాయ ప్రదర్శనశాల పేరుని కురచ చేస్తే అలా అయింది. పింగాణీ కప్పులు, సైనికుల బెల్టులు, తలుపు గొళ్ళేలు, వాటి మధ్య అరటిపళ్ళ డబ్బాల్లో పుస్తకాలు. ఒక డబ్బాలో థామస్ హార్డీ 'టెస్' దొరికింది. చిన్న సైజు, ముదురు కాగితం, పైన ఇంగ్లీషులో పేరు, కింద లైప్‌జిగ్, బెర్నార్డ్ టాఖ్నిట్స్. 3 యూరోలు. ఇంటికొచ్చాక చూస్తే మొదటి భాగం మాత్రమే. రెండో భాగం ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. మిగతా కథ ఫోన్లో ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో చదువుకున్నాను.

ఈ టాఖ్నిట్స్ గొప్పవాడు. 1841లో లైప్‌జిగ్‌లో బ్రిటిష్ రచయితల పుస్తకాలని ఇంగ్లీషులోనే చౌకగా వేయడం మొదలుపెట్టాడు. అప్పటికి దేశాల మధ్య కాపీరైటు చట్టాలు సరిగా లేవు, దొంగతనంగా వేసుకున్నా అడిగేవాడు లేడు. అయినా రచయితలకి ఉత్తరాలు రాసి, అనుమతి తీసుకుని, డబ్బు పంపేవాడు. డికెన్స్ ఆయనకి స్నేహితుడు. తన పెద్ద కొడుకుని జర్మన్ నేర్చుకోడానికి ఈ ఊరికే పంపాడు. ఆ కుర్రాడు కూడా "డేర్, డీ, దస్" దగ్గర ఏడ్చే ఉంటాడని నా నమ్మకం. యూరప్‌లో రైలెక్కిన ఇంగ్లీషువాళ్ళు, అమెరికన్లు స్టేషన్లో ఈ పుస్తకం కొనుక్కుని, పేజీలు కోసుకుంటూ చదువుకునేవారు. వందేళ్ళలో 5,000 పైచిలుకు సంపుటాలు వేశారు. 1930లలో ఆల్బట్రాస్ అని వీటికి పోటీగా రంగురంగుల అట్టలతో ఇంకో వరస వచ్చింది. వాటిని చూసే పెంగ్విన్ వాళ్ళు తమ అట్టలు తయారుచేసుకున్నారు. 1943 డిసెంబరులో బాంబుల వానకి అచ్చాఫీసుల పేట పేటంతా తగలబడింది. టాఖ్నిట్స్ భవనమూ పోయింది. ఆ పేట మీదుగానే మా ట్రామ్ వెళ్తుంది. ఇప్పుడక్కడ ఫ్లాట్లు, ఖాళీ జాగాలు.

ఈ పుస్తకాలకి ఒక షరతు ఉండేది. యూరప్‌లో మాత్రమే అమ్మాలి, బ్రిటన్‌కి గానీ దాని వలస దేశాలకి గానీ తీసుకుపోకూడదు. ఆ మాట అట్ట మీదే వేసేవారు. అంటే నా చేతిలో ఉన్న ఈ 'టెస్', లెక్క ప్రకారం బెజవాడకి వెళ్ళకూడని పుస్తకం. మరి నేను ఆబిడ్స్‌లో కొన్న పుస్తకాల వెనక ఏముండేది? భారత ఉపఖండంలో మాత్రమే అమ్మాలి, బయట అమ్మకూడదు అని. ఇంగ్లీషు పుస్తకం చౌకగా దొరికితే దానికి ఎక్కడో అక్కడ ఒక కంచె ఉండే తీరుతుందన్నమాట. నాన్నకి ఈ సంగతి చెప్తే చాలాసేపు నవ్వాడు. వరద తర్వాత అంతలా నవ్వడం అదే మొదటిసారి. "అయితే వచ్చేటప్పుడు దొంగతనంగా పట్టుకురా" అన్నాడు.

రెక్లామ్ వాళ్ళ ఎర్ర పుస్తకాలు కూడా అప్పుడే తెలిశాయి. రెక్లామ్ కూడా ఈ ఊళ్ళో పుట్టిందే. జేబులో పట్టే చిన్న పుస్తకాలు 1867 నుంచీ వేస్తున్నారు. ప్రతి జర్మన్ పిల్లాడూ బళ్ళో చదివి, వాటి మీద బొమ్మలు గీసినవాడే. పసుపువి జర్మన్, ఎర్రవి పరాయి భాషలవి. ఎర్ర దాంట్లో అసలు పాఠం ఇంగ్లీషులోనే ఉంటుంది, కష్టమైన మాటలకి పేజీ అడుగున జర్మన్‌లో అర్థాలిస్తారు. జర్మన్లకి ఇంగ్లీషు నేర్పడానికి చేసిన ఏర్పాటు. నేను దాన్ని తిరగేసి వాడుకున్నాను. కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' తెచ్చుకుని, తెలిసిన ఇంగ్లీషు మాట కిందికి వెళ్ళి తెలియని జర్మన్ మాట నేర్చుకోవడం. దాంతో పుస్తకం తెరిస్తే దొంగతనం చేస్తున్నానన్న గిలి కొంత పోయింది. క్లాసులో మాత్రం చిక్కొచ్చింది. పడవలకీ, ఏనుగు దంతాలకీ, జ్వరాలకీ సంబంధించిన మాటలన్నీ వచ్చు, బ్యాంకులో అకౌంటు తెరవాలంటే ఏమనాలో రాదు.

నవంబరు నాటికి పొద్దున్న ఎనిమిదికి గానీ సరిగ్గా వెలుతురు రాదు, నాలుగున్నరకి చీకటి. మా ట్రామ్ స్టాపు దగ్గర ఒక బ్యూషర్‌ష్రాంక్ ఉంది. ష్రాంక్ అంటే బీరువా. వీధిలో నిలబెట్టిన పుస్తకాల బీరువా, అద్దాల తలుపులు, తాళం ఉండదు. చదివేసినవి పెట్టొచ్చు, కావాల్సినవి తీసుకోవచ్చు. ఇళ్ళ ముందు కూడా అట్టపెట్టెలు పెట్టి "త్సు ఫెర్‌షెంకెన్" అని రాసి పెడతారు, ఊరికే తీసుకుపొమ్మని. వాటిల్లో కప్పులూ, బూట్లూ, పుస్తకాలూ. మొదట్లో అలా వీధిలోంచి తీసుకోడానికి మహా మొహమాటపడ్డాను. ఎవరైనా మనవాళ్ళు చూస్తే? ఇప్పుడు మా ఇంట్లో కప్పులన్నీ అవే.

బీరువాలో ఎప్పుడూ కొన్‌సాలిక్ నవలలు, వంటల పుస్తకాలు, ఇప్పుడు లేని దేశాలకి ట్రావెల్ గైడ్లు ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకం వారానికొకటి కనిపిస్తే గొప్ప. ఒక సాయంత్రం ట్రామ్ కోసం నిలబడి ఫోన్ లైటేసి వెతుకుతుంటే అడుగు అరలో ఒక పాత పేపర్‌బ్యాక్ కనిపించింది. 'అండ్ ఎ త్రీఫోల్డ్ కార్డ్', అలెక్స్ లా గుమా. సెవెన్ సీస్ పబ్లిషర్స్, బెర్లిన్, 1964.

లా గుమా దక్షిణాఫ్రికా రచయిత. తన దేశంలో ఆయన రాసింది ఏదీ అచ్చు వేయకూడదని నిషేధం. కాబట్టి ఈ నవల తూర్పు బెర్లిన్‌లో అచ్చయింది. సెవెన్ సీస్ అన్నది తూర్పు జర్మనీలో ఇంగ్లీషు పుస్తకాల కోసమే పెట్టిన సంస్థ. నడిపింది గర్ట్రూడ్ గెల్బిన్ అనే అమెరికన్ ఆవిడ, రచయిత స్టెఫాన్ హైమ్ భార్య. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు స్టాపులో నిలబడి పుస్తకం తెరిచి చూసింది వేరు.

వరసల మధ్య పెన్సిల్ రాతలు. సన్నటి, వాలు అక్షరాలు. ఇంగ్లీషు మాట నెత్తి మీద జర్మన్ అర్థం.

ట్రామ్ వచ్చింది, వెళ్ళిపోయింది. తర్వాతది కూడా ఎక్కలేదనుకుంటాను.

ఎవరై ఉంటారో తెలియదు. పేరు లేదు, స్టాంపు లేదు. రష్యన్ చదువుకున్న దేశంలో, వెళ్ళడానికి వీల్లేని దేశాల భాషని, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా నేర్చుకున్న మనిషి. నామవాచకం వస్తే దాని ముందు డేర్, డీ, దస్ కూడా రాశారు, సొంత భాషే అయినా. టీచరేమో అనుకున్నాను అందుకే. మొదటి పేజీల్లో వరసకి మూడు నాలుగు మాటలున్నాయి. పోను పోను తగ్గాయి. నవల మూడో వంతుకి వచ్చేసరికి ఒక్కటీ లేదు.

కథ కేప్‌టౌన్ శివార్లలో పేదల గుడిసెల్లో. చలికాలం, ఆగని వాన. రేకులు, అట్టలు, దొరికిన చెక్కలు కలిపి కట్టుకున్న ఇళ్ళు కారుతుంటాయి. చార్లీ అనే కొడుకు కారుతున్న కప్పు బాగుచేయడానికి తంటాలు పడుతుంటాడు. లోపల తండ్రి జబ్బుతో మంచం పట్టి ఉంటాడు. ముడతల రేకు అన్న మాట మీద పెన్సిల్‌తో "దస్ వెల్‌బ్లెష్" అని ఉంది. వెల్ అంటే అల, బ్లెష్ అంటే రేకు. అలల రేకు. మా జర్మన్ టీచరుకి ఈ మాట చెప్తే, ఇది నీకెవరు నేర్పారని ఆశ్చర్యపోయింది. ఏం చెప్పను.

రెండు రోజుల్లో చదివేశాను. చివరి పేజీలో తారీఖు వేయలేదు. అది నా పుస్తకమో కాదో తేల్చుకోలేక.

ఆదివారం నాన్నకి చెప్పాను. పెన్సిల్ రాతల గురించి చెప్తుంటే ఆయన మధ్యలో ఏమీ అనలేదు. ఫోన్ కట్టయిందేమోనని రెండుసార్లు "నాన్నా" అన్నాను. "ఉన్నాను, చెప్పు" అన్నాడు. తర్వాత, "చదివి వినిపించు. ఫోన్లో. వారానికి కొంచెం" అన్నాడు. వాన, కారే ఇల్లు, వరదొచ్చి మూడు నెలలు కాలేదు, ఇది కాకుండా ఇంకోటి చదువుతానన్నాను. ఒప్పుకోలేదు. "వాన గురించి మనకి కాక ఎవరికి అర్థమవుతుంది" అన్నాడు.

అప్పట్నుంచీ ఆదివారాలు అదే పని. నేను ఇంగ్లీషులో చదువుతాను, ఆయన ఆపి అర్థం అడుగుతాడు, పెన్సిల్‌తో రాసి ఉంటే జర్మన్ మాట కూడా చెప్పమంటాడు. కొత్త నోటుబుక్కు కొన్నాడట. అందులో మూడు గళ్ళు గీసి ఇంగ్లీషు, తెలుగు, జర్మన్ రాసుకుంటున్నాడు. జర్మన్ కూడా తెలుగు లిపిలోనే. అమ్మ వెనక నుంచి, "ఈ వయసులో ఎక్కడికి పోవాలని" అంటూ ఉంటుంది.

మొన్న ఆదివారానికి పెన్సిల్ రాతలు ఆగిపోయే చోటికి వచ్చాం.

"ఇక్కణ్ణుంచి రాతల్లేవు నాన్నా. ఆపేసి ఉంటాడు, పాపం" అన్నాను.

"ఆపేసినవాడు పుస్తకం అరవయ్యేళ్ళు దాస్తాడా? కథలో పడి ఉంటాడు. కథలో పడ్డాక పెన్సిల్ ఎవడు పట్టుకుంటాడు? నా వాటిల్లో కూడా అంతే కదా, నువ్వు చూళ్ళేదూ? మొదటి వంద పేజీలే నల్లగా ఉండేవి. నా 'మదర్' ఉంటే చూపించేవాణ్ణి" అన్నాడు.

నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు మొదటి పేజీలే తెరిచి చూసేదాన్నేమో. చూద్దామంటే ఇప్పుడా పుస్తకం లేదు.

నాకు ఇంకో బెంగ ఉంది. ఈ లెక్కన ఇంకో రెండు ఆదివారాల్లో ఆ ఇంట్లో తండ్రి చనిపోయే చోటు వస్తుంది. నాన్నకి ఆ సంగతి తెలియదు. ఆ నాలుగు పేజీలూ దాటేసి చదివితే ఆయనకి తెలియదు కూడా. పుస్తకం నా దగ్గరే ఉంది, విజయవాడలో ఇంకో కాపీ లేదు. దాటేద్దామా వద్దా అని ట్రామ్‌లో, వంటింట్లో, జర్మన్ క్లాసులో అదే ఆలోచన. 2019 అని ఆయన మెల్లగా అన్న మాట వినిపిస్తుంది వెంటనే.

"ఏం, ఆగిపోయావు?" అన్నాడు నాన్న. "చదువు. వాన తగ్గిందా?"

"ఇంకా లేదు నాన్నా" అని పేజీ తిప్పాను.